బోర్డు మీద చివరి అంకె

లెస్టర్ పిల్‌ను మధ్యాహ్నం ఒంటిగంటకు జడ్జి ముందు నిలబెడతారు. నేను ఆల్విన్ కోట్రబా పెట్రోలు బంకు దగ్గర కారు దిగేసరికి పదీ ఇరవై అయింది. కోర్టు ఉన్న ఆల్డర్ పట్నం అక్కడికి ముప్ఫై మైళ్ళు. ఆ ప్రయాణం తీసేస్తే, ఒక మనిషిని హత్యానేరం నుంచి బయటికి లాగడానికి నాకు మిగిలింది రెండు గంటలు.

నా పేరు మిలో హావ్లిక్. నెబ్రాస్కా రాష్ట్ర పోలీసు శాఖలో హత్యలు దర్యాప్తు చేయడం నా పని. ఇరవై ఆరేళ్ళుగా అదే చేస్తున్నాను. బాగా చేస్తానని గొప్పలు కూడా చెప్పుకునేవాణ్ణి, పదకొండేళ్ళ కిందటి దాకా. అప్పుడు జో టెస్కా అనే మాంసం కొట్టు పనివాణ్ణి, ఒక కాగితం మీద ఉన్న టైము చూసి, జైలుకు పంపాను. నాలుగేళ్ళకు అతను లోపలే న్యుమోనియాతో పోయాడు. ఐదో ఏట అసలు హంతకుడు వేరే కేసులో దొరికి, ఆ హత్య కూడా తనదేనని ఒప్పుకున్నాడు. అప్పటినుంచి జో నన్ను వదిలిపెట్టలేదు. కలలోకి వచ్చే రకం కాదతను. పట్టపగలు, నలుగురి మధ్య, భోజనం డబ్బా చంకన పెట్టుకుని గోడ వారన నిలబడి ఉంటాడు. ఏమీ అనడు. నాలుగు తిట్టినా బాగుండును.

ఈ కేసులో కూడా ఉన్నది ఒక కాగితమే.

మంగళవారం సాయంత్రం అయిదు గంటలకు ఆల్విన్ శవం బంకు వెనక మరమ్మతు షెడ్డులో కనిపించింది. టైర్లు విప్పే ఇనుప కడ్డీతో తల వెనక ఒకే ఒక్క దెబ్బ. మూడున్నరకూ నాలుగున్నరకూ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు మాట. గల్లాపెట్టె ఖాళీ. కడ్డీ మీద వేలిముద్రలు లెస్టర్‌వి. పదమూడేళ్ళుగా అక్కడ మెకానిక్ అతను, అతని కడ్డీ మీద అతని వేళ్ళు కాక ఇంకెవరివి ఉంటాయి? ఆ రోజు మూడింటికే ఇంటికి వెళ్ళిపోయాననీ, జబ్బు చేసిన కుక్క పక్కన కూర్చున్నాననీ లెస్టర్ అంటాడు. కుక్కను బోనెక్కించి ప్రమాణం చేయించలేం. రసీదు పుస్తకంలో మిగిలిన చివరి కార్బన్ నకలు మాత్రం ఎదురు సాక్ష్యం చెబుతోంది. నాలుగూ అయిదు నిమిషాలు. పన్నెండు గాలన్లు. పన్నెండు డాలర్ల ముప్ఫై అయిదు సెంట్లు. అమ్మినవాడి స్థానంలో ఎల్ అనే ఒక్క అక్షరం. ఇంత పొట్టి రాతలో ఎవరి చేతిరాతో తేల్చలేమని నిపుణుడు చేతులెత్తేశాడు.

బంకు తాళం తీసింది ఆల్విన్ భార్య ఐరీన్. ఏభై ఎనిమిదేళ్ళ మనిషి, బక్కగా, నిటారుగా ఉంటుంది. భర్త కోటు తొడుక్కుని ఉంది. చేతులు దాని లోపలెక్కడో మునిగిపోయాయి.

"మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలా, హావ్లిక్ గారూ?"

"చెప్పాలి. గంట దగ్గర్నుంచి."

రోడ్డు మీది బండి బంకులోకి తిరిగితే నేల మీద పరిచిన రబ్బరు గొట్టం చక్రాల కింద నలిగి గంట మోగుతుంది. ముందు చక్రాలకొకసారి, వెనక చక్రాలకొకసారి. ఆల్విన్ ఇంకో తీగె లాగి వెనక ఇంటి వంటగదిలో కూడా గంట బిగించాడు. తను షెడ్డులో పనిలో ఉంటే ఆమె వచ్చి పెట్రోలు పోస్తుందని.

"మూడూ ఇరవైకి మోగింది. రెండు సార్లు. డెయిరీ వాళ్ళ బండి. ఆయనే పోశాడు, కిటికీలోంచి చూశాను. ఆ తర్వాత అయిదింటి దాకా మోగలేదు."

"మీరు ఎటైనా వెళ్ళి ఉండొచ్చు కదా."

"ఎటు వెళ్తానండీ? పిండి కలుపుతున్నా. ముప్ఫై ఏళ్ళుగా వింటున్న గంట. అది మోగితే నిద్రలో కూడా లేచి కూర్చుంటాను."

"నాలుగూ అయిదుకి ఎవరికో పన్నెండు గాలన్లు అమ్మినట్టు రసీదు ఉంది."

"అయితే ఆ కారు ఆకాశంలోంచి దిగుండాలి."

"ఈ మాట షెరీఫ్ క్లిఫ్‌కి చెప్పారా?"

"చెప్పా. అంతటితో ఊరుకున్నా బాగుండేది." ఆమె కోటు గుండీ తిప్పుతూ నిలబడింది. "ఇప్పుడు కూడా మోగుతోందని చెప్పాను. ఆయన పోయిన దగ్గర్నుంచి. ఒక్కసారే, టింగుమని. పరిగెత్తుకొచ్చి చూస్తే బండీ ఉండదు, మనిషీ ఉండడు. అది విని క్లిఫ్ నోట్‌బుక్ మూసేశాడు. 'ఐరీన్, పడుకోవే తల్లీ, డాక్టర్ని పంపిస్తా' అన్నాడు."

అందులోని చిక్కు ఆమెకు కూడా తెలుసు. లేని గంట వినిపించే మనిషి, ఫలానా టైములో గంట మోగలేదని చెబితే ఏ జడ్జి నమ్ముతాడు? లెస్టర్‌కు ఉన్న ఒక్క సాక్షీ అలా చెల్లకుండా పోయింది.

సరిగ్గా అప్పుడే మోగింది. టింగ్. ఒక్కసారి.

ఇద్దరం ఒకేసారి తలలు తిప్పాం. బంకు ముందు నేల ఖాళీగా ఉంది. నా కారు రోడ్డు వారన, గొట్టానికి అవతలే ఉంది. కదిలేది ఏదీ లేదు. రాత్రంతా మంచుకు బిగుసుకున్న గొట్టంలో ఎండ తగిలి గాలి వ్యాకోచించి ఉండొచ్చని నా బుర్ర వెంటనే ఒక సంజాయిషీ వెతికిపెట్టింది. నా మెడ వెనక వెంట్రుకలకు మాత్రం ఆ సంజాయిషీ అందలేదు.

"విన్నారా?" ఐరీన్ గొంతు గుసగుసలాడింది.

అబద్ధం చెప్పొచ్చు. "విన్నాను" అన్నాను.

"హమ్మయ్య" అని ఆమె కుర్చీలో కూలబడింది. మూడు రోజుల్లో మొదటిసారి నా ఎదుట ఏడ్చింది. నేను ఓదార్చడంలో మొద్దుని. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. ఇంజన్ ఆయిలు డబ్బాల అర పక్కన జో టెస్కా నన్నే చూస్తున్నాడు.

ఆ చూపు తప్పించుకోవడానికే కాబోలు, పనిలో పడ్డాను. రసీదు పుస్తకం ఇంకోసారి తిరగేశాను. ఈ వేసవిలో పెట్రోలు కరువొచ్చి వరసల్లో కొట్లాటలు జరిగినప్పటినుంచి ఆల్విన్ ప్రతి రసీదు మీదా టైము వేస్తున్నాడు. గాలన్లు, మొత్తం, టైము, అమ్మినవాడి అక్షరం. గాలను ధర ఎక్కడా రాయలేదు. చివరి రసీదు అసలు కాగితం పట్టుకుపోయిన కారువాడి కోసం రేడియోలో రెండు రోజులు ప్రకటన ఇప్పించాను. ఎవడూ రాలేదు.

"ఐరీన్ గారూ, నా కారులో పన్నెండు గాలన్లు పోయండి. మీటరు మీద పన్నెండు గీత దగ్గర సరిగ్గా ఆపండి."

"ఇప్పుడా?"

"లెస్టర్ నిజంగా ఆ అమ్మకం చేసి ఉంటే ఎంతసేపు పట్టేదో చూడాలి." ఆ క్షణంలో నాకు కావలసింది అంతకంటే ఏమీ లేదు.

కారు లోపలికి తిప్పాను. టింగ్, టింగ్. ఆమె కళ్ళు తుడుచుకుని, కోటు చేతులు పైకి మడిచి, పంపు పక్కన హాండిలు తిప్పి అంకెలు సున్నాకు తెచ్చింది. పంపు నుదుటి మీద ఒక అట్ట అంటించి ఉంది. 'మీటరు చూపే దానికి రెట్టింపు చెల్లించండి.' ఈ చుట్టుపక్కల పాత పంపులున్న ప్రతి బంకులోనూ ఈ ఏడాది అదే అట్ట. ఆ మీటర్లలో గాలను ధర తొంభై తొమ్మిది సెంట్లు దాటి పెట్టడానికి చోటే లేదు. వాటిని చేసినవాడికి పెట్రోలు డాలరు దాటుతుందని పీడకలలో కూడా తట్టి ఉండదు. దాటింది. కొత్త మీటర్లకు ఏడాది ఆగాలి. అందుకని అందరూ సగం ధర పెట్టి అమ్మడం, వచ్చిన దాన్ని రెట్టింపు చేసి తీసుకోవడం.

తెల్ల అంకెలు గిర్రున తిరిగి నెమ్మదించాయి. ఆమె చెయ్యి నొక్కి వదిలింది. పన్నెండు గాలన్లు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఆరు డాలర్ల పదిహేడు" అంది. "అంటే మీరివ్వాల్సింది పన్నెండూ ముప్ఫై నాలుగు."

పర్సు తీయబోయిన చెయ్యి జేబులోనే ఆగింది. "ముప్ఫై అయిదు కదూ?"

"పదిహేడూ పదిహేడూ ముప్ఫై నాలుగేగా. మీరు బడికి వెళ్ళలేదా ఏంటి?"

"రసీదులో పన్నెండు గాలన్లకి ముప్ఫై అయిదు ఉందండీ."

ఆమె పుస్తకం తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకుంది. రెండు రోజులుగా షెరీఫ్ ఆ పుస్తకాన్ని తన దగ్గరే పెట్టుకున్నాడు, ఇవాళ పొద్దున్నే నా చేతికి వచ్చింది. ఆమె చూడటం ఇదే మొదలు. "ఇదెలా వస్తుంది? రెట్టింపు చేస్తే బేసి ఎలా వస్తుందండీ?"

జేబులో పెన్ను తీసి అరచేతి మీదే లెక్క వేశాను. "బోర్డు మీది ధర పన్నెండుతో గుణిస్తే వస్తుంది. డాలరూ రెండు సెంట్ల తొమ్మిది పదోవంతులు. మొత్తం పన్నెండూ ముప్ఫై నాలుగు పాయింటు ఎనిమిది. పైకి సర్దితే ముప్ఫై అయిదు."

"తొమ్మిదెక్కడుంది?" అంది ఐరీన్.

తలెత్తి బోర్డు చూశాను. రెండు నిలువు స్తంభాల మీద, రోడ్డున పోయేవాళ్ళకు మైలు దూరం నుంచి కనిపించే బోర్డు. మూడు రోజులుగా దాని కిందనుంచే వస్తున్నాను, పోతున్నాను. పెద్ద అంకెలు రేకువి, కొక్కేలకు తగిలించినవి. చివర ఉండే చిన్న అంకె మాత్రం రంగుతో రాసింది. అది తొమ్మిది కాదు. ఎనిమిది. కింది తోకను పైకి తిప్పి ముడివేసిన ఎనిమిది. ఆ ముడి దగ్గర రంగు ఇంకా కొత్తగా ఉంది.

ఈ దేశంలో ఆ చివరి తొమ్మిదిని ఎవరూ చదవరు. మా అమ్మ చదవలేదు, నేను చదవలేదు. ప్రతి బంకులోనూ, ప్రతి ఊళ్ళోనూ, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అది తొమ్మిదే. సెంటులో పదోవంతుకు నాణెం ఏ టంకశాలలోనూ కొట్టలేదు. అయినా బోర్డు మీద ఆ చిన్న తొమ్మిదిని నిలబెట్టి, ధర ఒక సెంటు తక్కువని అమ్మేవాడు నటిస్తాడు, నమ్మినట్టు కొనేవాడు నటిస్తాడు. కన్ను అక్కడికి చేరకముందే మనసు తొమ్మిది అని పలికేస్తుంది. రసీదు రాసినవాడి మనసు కూడా అదే పలికింది.

"ఎప్పుడు దిద్దాడు?"

"అక్టోబరు తొమ్మిదిన. సగం ధర పెట్టాలంటే ఏభై ఒక్క సెంట్ల మీద నాలుగు పదోవంతులన్నా పెట్టాలి, అయిదన్నా పెట్టాలి. మధ్యలో మీటరు ఆగదు. రెట్టింపు చేస్తే ఎనిమిదన్నా వస్తుంది, నిండు సెంటన్నా వస్తుంది. తొమ్మిది రాదు. అందరూ తొమ్మిది రాసుకుని ఏదో ఒకటి తీసుకుంటున్నారు, ఎవడడుగుతాడు అన్నా. వింటేనా? నిచ్చెనేసుకుని ఎక్కాడు. 'ఐరీన్, నా బోర్డు నాతో అబద్ధం ఆడకూడదే' అన్నాడు." ఆమె మడిచిన కోటు చేతులు కిందికి దించుకుంది. "ఊరంతా ఎగతాళి. 'ఆల్విన్, ఆ పదోవంతు చిల్లర ఇవ్వవయ్యా' అని వచ్చినవాడల్లా చెయ్యి చాపేవాడు. ఆయన కూడా నవ్వేవాడు. లెస్టర్ అయితే పగలబడేవాడు."

పుస్తకం మొదటికి తిప్పాను. అక్టోబరు తొమ్మిది నుంచి రెండు వందల పన్నెండు రసీదులు. ఒక్కొక్కటే వేలు పెట్టి చూశాను. పద్దెనిమిది, నలభై రెండు, సున్నా ఆరు, డెబ్భై నాలుగు. అన్నీ సరి సంఖ్యలే. రెండు వందల పదకొండు సరి, చిట్టచివరిది ఒక్కటే బేసి. ఈ బంకులో పనిచేసే ఏ మనిషికీ అలాంటి మొత్తం రాదు. మీటరు చూడని వాడు, పెట్రోలు పోయని వాడు, శవం పక్కన నిలబడి, బోర్డు ధర గుర్తుందనుకుని గుణించి రాసిన కాగితమది.

ఒక్క సెంటు తేడా. నాకు గట్టిగా అరవాలనిపించింది. ఆయిలు డబ్బాల వైపు చూసి, 'ఈసారి కాగితాన్ని నమ్మలేదు, చూశావా' అని మనసులోనే చెప్పాను.

అప్పుడు వచ్చాడు షెరీఫ్ క్లిఫ్ బెంట్జ్. అతని కారు గంట మోగించలేదు. రోడ్డు వారనే ఆపి, ఆరడుగుల మూడంగుళాల దేహాన్ని బయటికి లాగి, కాగితంలో చుట్టిన కొలాచె, అంటే గసగసాలు పెట్టిన తీపి రొట్టె, కొరుక్కుంటూ నడిచి వచ్చాడు. ఈ కౌంటీ పోలీసు పెద్ద పదవికి వరసగా నాలుగు ఎన్నికలు గెలిచిన మనిషి. రాష్ట్రం నుంచి నన్ను పంపడం అతనికి మొదటి రోజునుంచీ కంట్లో నలుసే.

"ఏమోయ్ మిలో, దెయ్యం వాంగ్మూలం అయిందా? సంతకం పెట్టిందా, వేలిముద్ర వేసిందా?"

"ఐరీన్ గారు ఇక్కడే ఉన్నారు క్లిఫ్. నోరు కాస్త చూసుకో."

"ఐరీన్‌కి తెలుసులే నేనేంటో. కదూ ఐరీన్?" అని ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "పదకొండవుతోంది. పన్నెండింటికి లెస్టర్‌ని ఆల్డర్ తీసుకెళ్తున్నాం. నువ్వూ వస్తే వెనక బెంచీ మీద చోటిప్పిస్తా. నేర్చుకోవచ్చు."

"నీ దగ్గరున్నదంతా ఒక రసీదు."

"నీకు అంతకంటే తక్కువే సరిపోయిందిగా." వేళ్ళ మీది గసగసాలు దులుపుకున్నాడు. "టెస్కా కేసు నీదే కదూ? అప్పుడు కాగితం చాలు. ఇప్పుడు కాగితం చాలదు. పాపం చేసుకుంది నువ్వయితే, ప్రాయశ్చిత్తం నా కౌంటీలోనా?"

అక్కడ తగిలింది. తగలాలనే అన్నాడు. నాకు కోపం వస్తే నోరు ఆగదు. ఇంట్లోవాళ్ళు ఎన్నోసార్లు చెప్పారు. పుస్తకం తెరిచి అతని ఛాతీ ముందు పెట్టాను.

"చదువు. ఎంతుంది?"

"పన్నెండూ ముప్ఫై అయిదు. అయితే?"

"ఈ పంపు నుంచి ముప్ఫై అయిదు రాదు. మీటరు సగం చూపిస్తుంది, వీళ్ళు రెట్టింపు చేస్తారు. రెట్టింపు చేస్తే సరి సంఖ్యే వస్తుంది, బేసి రాదు. రెండు వందల పదకొండు రసీదులు చూశాను, ఒక్క బేసి లేదు. ఇప్పుడే నా కారులో పోయించాను. ముప్ఫై నాలుగు. ఇది లెస్టర్ రాసింది కాదు. ఎవడో బోర్డు ధరతో గుణించి రాశాడు. అది కూడా తప్పు ధరతో. పైకి చూడు."

అతను పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. నమలడం ఆగింది.

"ఎనిమిదా?" అన్నాడు. "ఎప్పట్నుంచి?"

"అక్టోబరు నుంచి" అంది ఐరీన్.

క్లిఫ్ కొలాచెను కాగితంలో మళ్ళీ చుట్టాడు. మడత మీద మడత, చాలా జాగ్రత్తగా. అతను అరుస్తాడని, ఆడదాని మాటలూ పిల్లల లెక్కలూ అని ఎగిరిపడతాడని ఎదురు చూశాను. ఏమీ లేదు. గొంతు కూడా మెత్తబడింది.

"సరే మిలో. ఒప్పుకున్నా. నువ్వే గెలిచావు."

"అంతేనా?"

"అంతే. తప్పు తప్పే. నిర్దోషిని కోర్టుకి ఎక్కించి నవ్వులపాలు కానా? లెస్టర్‌ని నేనే స్వయంగా వదిలేస్తా. జడ్జితో నేను మాట్లాడతా." చెయ్యి చాపాడు. "ఆ పుస్తకం ఇలా ఇవ్వు, చూపించాలి కదా."

"పుస్తకం నా దగ్గరుంటుంది."

"నీ ఇష్టం." చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "ఈ లెక్క ఇంకెవరికైనా చెప్పావా? మీ ఆఫీసుకి?"

"ముందు నీకే" అన్నాను, విజయగర్వంతో, మూర్ఖుడిలా.

తలూపి వెళ్ళిపోయాడు. గోడ గడియారం పదీ ఏభై ఎనిమిది చూపిస్తోంది. రెండు గంటలు అడిగిన పని నలభై నిమిషాల్లో అయిపోయింది. నాకు చాలా ఏళ్ళ తర్వాత ఆకలి వేసింది. ఐరీన్ పెట్టిన కాఫీ రెండు గుక్కలు తాగాను. పెట్రోలు డబ్బులు పన్నెండు డాలర్ల ముప్ఫై నాలుగు సెంట్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాను. ఆమె వాటిని ముట్టుకోలేదు. కిటికీలోంచి రోడ్డు వైపే చూస్తోంది.

"హావ్లిక్ గారూ, క్లిఫ్‌కి ఆ ఎనిమిది సంగతి తెలీకపోవడమేంటి?"

"నాకూ తెలీలేదుగా."

"మీరు రాజధాని లింకన్ నుంచి వచ్చారు. అతను ఈ ఊరివాడు. నెల రోజులు ఊరంతా దాని మీద జోకులు. చర్చిలో ఫాదర్ కూడా అన్నాడు. ఇక్కడ పెట్రోలు పోయించుకునే ప్రతివాడికీ తెలుసు."

"అతను పోయించుకోడా?"

"షెరీఫ్ కార్లు కౌంటీ యార్డులో, సర్కారు టాంకు దగ్గర నింపుకుంటాయి."

"సొంత కారు?"

"అదీ అక్కడే. వాళ్ళావిడదీ అక్కడే. క్లిఫ్ పెట్రోలుకి డబ్బిచ్చి ఎన్నేళ్ళయిందో." ఆమె నెమ్మదిగా నా వైపు తిరిగింది. "ఆల్విన్‌కి అదే మంట. జనం వరసల్లో నిలబడి కొట్టుకుంటుంటే, యార్డు టాంకు వారానికి రెండుసార్లు నింపుతున్నారంట. ఉన్నవి నాలుగు కార్లు. మిగతాది ఏ లారీల్లో ఎటు పోతోందో చూశానన్నాడు. లింకన్‌కి ఫోన్ చేస్తానన్నాడు, పోయే ముందు రోజే. సోమవారం."

"చేశాడా?"

"లేదు. 'ముందు వాణ్ణే అడుగుతానే, మనిషన్నాక చెప్పుకోవడానికి ఒక అవకాశం ఇవ్వాలి' అన్నాడు."

కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాను. మంగళవారం శవాన్ని మొదట చూసిన అధికారి ఎవరు? క్లిఫ్. ఇరవై నిమిషాలు లోపల ఒక్కడే ఉన్నాడని అతని రిపోర్టులోనే ఉంది. రసీదు కనిపెట్టింది ఎవరు? క్లిఫ్. ఈ ఊళ్ళో పెట్రోలు ధర తెలియని ఏకైక మనిషి ఎవరు?

"ఈ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"మొన్న మీరడిగినప్పుడు పక్కన కూర్చుని రాసుకుంటున్నది క్లిఫే కదా. అతనికేం చెప్పను?"

"నాకు చెప్పొచ్చుగా!"

"మీరు గంట గురించి అడిగారు. టైముల గురించి అడిగారు." ఆమె గొంతులో నింద లేదు. అదే భరించలేకపోయాను. "ఆయన గురించి మీరేమీ అడగలేదు, హావ్లిక్ గారూ."

బల్ల మీది ఫోను లాక్కున్నాను. డయల్ తిప్పాను. పదకొండూ పన్నెండు. ఊరి లాకప్‌లో ఖైదీలను చూసుకునే నోరీన్ అనే పెద్దావిడ ఫోనెత్తింది.

"నోరీన్ గారూ, హావ్లిక్‌ని. లెస్టర్ ఎక్కడ?"

"అయ్యో, ఇప్పుడే వెళ్ళారండీ. పది నిమిషాలు కూడా కాలేదు. షెరీఫే వచ్చి తీసుకెళ్ళాడు."

"ఒక్కడేనా? డెప్యూటీ?"

"వాణ్ణి భోజనానికి పొమ్మన్నాడు. నేను బేడీలు తెస్తే కూడా వద్దన్నాడు. 'ఇక వీడికి అవెందుకు నోరీన్' అని పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు, దర్జాగా."

బేడీలు లేని ఖైదీ. సాక్షి లేని కారు. పారిపోతుంటే కాల్చాను అని రాయడానికి ఒక్క వాక్యం చాలు. ఆ తర్వాత రసీదులో సరి సంఖ్య ఉందా బేసి సంఖ్య ఉందా అని ఎవడూ అడగడు. పారిపోయినవాడే నేరస్థుడు, కేసు మూసేస్తారు. దారి చూపించింది నేనే, పైగా వేలు పెట్టి మరీ.

"ఎటు వెళ్ళారు? ఆల్డర్ వైపేనా?"

"కాదండీ, ఉత్తరానికి తిరిగారు. నది వైపు. లెస్టర్‌ని ఇంటి దగ్గర దింపుతాడు కాబోలు అనుకున్నా."

"లెస్టర్ ఇల్లు ఎటు?"

"దక్షిణానికి" అంది నోరీన్. ఆవిడకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. గొంతులో సంతోషం అలాగే ఉంది. "అన్నట్టు హావ్లిక్ గారూ, మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు లెస్టర్. విడిపించింది మీరేనట కదా, షెరీఫ్ చెప్పాడట. మీకు మరిచిపోకుండా థాంక్స్ చెప్పమని నాతో రెండుసార్లు అని మరీ కారెక్కాడు."